ఆపరేషన్ నోట్స్ ఇవ్వడం లేదు, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

మున్నేరు:
మా అమ్మకు పిత్తాశయంలో రాళ్లున్నాయని మా ఊరి ప్రైవేటు ఆసుపత్రిలో లాప్రోస్కోపీ ఆపరేషన్ చేశారు. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. గ్యాస్ అని చెప్పి ఇంటికి పంపేశారు. వారం తిరగకముందే హైదరాబాదు తీసుకెళ్లాల్సి వచ్చింది. పైత్యరసం వెళ్లే నాళం తెగిందని అక్కడి సర్జన్ చెప్పి, మళ్లీ పొట్ట కోసి సరిచేశారు. అమ్మ బతికింది. పొలం మీద అప్పు మిగిలింది.

మొదటి ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో అంతా సాఫీగా జరిగినట్టు రాశారు. ఆపరేషన్ నోట్స్ అడిగితే అవి తమ కాగితాలని, కోర్టు ఉత్తర్వు తెచ్చుకొమ్మని అంటున్నారు. బంధువులు పోలీసు స్టేషన్‌కు వెళ్లమంటున్నారు, మా బావ డాక్టర్ల మీద విచారణ చేసే మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లమంటున్నాడు. ఆ డాక్టరును జైల్లో పెట్టించాలని నాకు లేదు. అమ్మ కళ్లు పచ్చబడిన రోజు స్కానింగ్ ఎందుకు చేయలేదో ఆయన జవాబు చెప్పాలి. దానికి చట్టంలో దారి ఉందా?

రికార్డుల గది:
ఆసుపత్రుల్లో కేస్ షీట్లు భద్రపరిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ముందు కాగితాలు సంపాదించండి బాబూ, ఫిర్యాదు తర్వాత. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం రోగి గాని, రోగి తరఫు వారు గాని అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పేరుపేరునా అడగండి: ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా చార్టు, సమ్మతి పత్రం, నర్సుల నోట్స్. చివరిది అసలు వదలకండి. రాత్రి ఎప్పుడు వాంతి అయింది, డ్యూటీ డాక్టరుకు ఎప్పుడు కబురు చేశారు అన్నది దొరికితే అందులోనే దొరుకుతుంది.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. 2 ఏళ్ల గడువు దాటనివ్వకండి. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం కావాలనడం కుదరదని 2010లో కిషన్ రావు కేసులో తీర్పు వచ్చింది. అదీ హైదరాబాదు కేసే: మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేశారు. అయినా రెండో సర్జన్ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

నా బాధంతా ఒక్కటే. తప్పు జరిగిందని రుజువు చేయాల్సింది రోగి, రుజువులేమో ఆసుపత్రి బీరువాలో. 1990లో నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత కాళ్లు చచ్చుబడిన ప్రశాంత్ ధనంకకు సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది 2009లో. అన్నేళ్లు పట్టింది. వినియోగదారుల కేసును 3 నెలల్లో తేల్చాలని చట్టంలో రాసుకుంటే చాలదు. 72 గంటల గడువులోగా రికార్డులు ఇవ్వని ఆసుపత్రే తన తప్పు లేదని రుజువు చేసుకోవాలని చట్టంలో స్పష్టంగా రాయాలి. ఇప్పుడది కమిషన్ విచక్షణకే మిగిలింది.

ప్రభుత్వ వైద్యురాలు:
ఈ ఆపరేషన్‌లో పిత్తనాళం తెగే ప్రమాదం మంచి సర్జన్ల చేతుల్లోనూ ఉంటుంది. తెగినంత మాత్రాన నిర్లక్ష్యం అనలేం. కామెర్లు కనిపించాక ఇంటికి పంపడమే అసలు ప్రశ్న, మీరు సరిగ్గానే పట్టుకున్నారు.

పోలీసు దారి వద్దు. క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలనీ, ముందుగా మరో వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం కావాలనీ 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షా చట్టం, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో వైద్యుల వల్ల మరణం సంభవిస్తే 2 ఏళ్ల వరకు జైలు ఉంది. అది తీసేయాలన్నదే నా అభిప్రాయం. జైలు భయంతో మేం కష్టమైన కేసులను పై ఆసుపత్రికి తోసేస్తాం, దారిలో పోయేది రోగి ప్రాణం. కానీ అలా అడిగే హక్కు మాకు రావాలంటే మా కౌన్సిళ్లు నిజాయితీగా విచారించాలి. 2019 వైద్య కమిషన్ చట్టం 30వ సెక్షన్‌లో రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయంపై అప్పీలు హక్కు డాక్టరుకే రాశారు, ఫిర్యాదు చేసిన రోగికి రాయలేదు. ముందు దాన్ని సవరించాలి.

మున్నేరు:
ఇద్దరికీ నమస్కారాలు. అమ్మకు సంతకం చేయడం రాదు, వేలిముద్ర వేస్తుంది. ఇబ్బంది అవుతుందా?

రికార్డుల గది:
కాదు. ఎడమ బొటనవేలి ముద్ర వేయించి, పక్కన ఆమె పేరు రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించండి. ఉత్తరం నకలు, పోస్టు రసీదు, అందినట్టు వచ్చే రుజువు మూడూ దాచండి.