గట్టెక్కిన ఓడ బాగుపడినట్టా, చెడినట్టా?

కర్నూలు నుంచి:
ఒక చిక్కొచ్చి పడింది, తీర్చండి. మావాడు ఆస్ట్రేలియాలో న్యూకాసిల్‌లో ఉంటాడు. అక్కడ హంటర్ నది సముద్రంలో కలిసే చోట స్టాక్టన్ రాళ్లకట్ట మీద నడిచొచ్చి, ఫొటోలు పంపి, "కింద తెలుగులో రెండు ముక్కలు రాయి నాయనా" అన్నాడు. ఆ కట్టలోనే అడాల్ఫ్ అనే ఫ్రెంచి తెరచాప ఓడ తుప్పుపట్టి కనబడుతుంది. 1904 సెప్టెంబరు 30న టగ్గులు లోపలికి లాక్కొస్తుంటే, అలలు దాన్ని ఆయిస్టర్ బ్యాంక్ ఇసుక మేట మీదికి, అంతకుముందే చెడిన ఓడల మీదికి నెట్టేశాయి. 32 మందీ బతికారు. ఓడ మాత్రం కదల్లేదు, తర్వాత కట్టలో కలిపేశారు.

"1904లో ఒడ్డెక్కిన ఓడ" అని రాశా. మా ఇంటామె చదివి, "పోనీలే, గట్టెక్కింది కదా" అనింది. అక్కడ ఆగిపోయా. మునిగిందని రాద్దామంటే అది మునగనేలేదు.

అనంతపురం నుంచి:
"పుట్టి మునిగింది" అని రాయప్పా, సరిపోతాది. అయినా పుట్టంటే 20 తూములు కదా, వడ్లు మునిగేదేంది?

కర్నూలు నుంచి:
ఆ పుట్టి కాదు సామీ, నీళ్ల పుట్టి. వెదురు బద్దలు బుట్ట మాదిరి అల్లి, అడుగున వెనకటికి తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్ట కట్టి తారు పూస్తారు. తుంగభద్రలో చేపలోళ్లు తెడ్డేస్తే గిర్రున తిరుగుతా పోతుంది. దానికి గండమంతా ఏటి నడుమనే. నట్టేట ముంచడం, గట్టెక్కడం, అన్నీ దాని మాటలే. మనకు గట్టు తగిలితే ప్రాణం, వాళ్ల ఓడకు గట్టు తగిలితేనే చావు! కవారా అనే స్టీమరు 1866 జూలై 12న తుఫానుకు తలదాచుకుందామని ఆ రేవుకే వచ్చి, గుమ్మంలోనే పోయింది. 60 మంది చచ్చి ఒక్కడు మిగిలాడు. వాణ్ని నీళ్లలోంచి లాగినవాళ్లలో ఒకడు జాన్సన్. 1857లో సిడ్నీ దగ్గర డన్‌బార్ ఓడ పగిలితే మిగిలిన ఒకే ఒక్కడు అతనే. కథలో రాస్తే ఎవరూ నమ్మరు.

కడప నుంచి:
నేను కోరంగి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డా. నది సముద్రంలో పడే చోటుని మావాళ్లు "మొగ" అంటారండి. ఏటి వాలుకు కెరటం ఎదురొచ్చి, ఇసుక దిగబడి మేట వేస్తుంది. పై నుంచి చూస్తే నీళ్లే, కిందికి లోతుండదు. ఇక మీ మాటకొస్తే, తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యములు 27 చూడండి. పౌలు ఎక్కిన ఓడను "మెట్ట పట్టించిరి" అని ఉంటుంది, అంటే ఓడ అడుగు నేలకు తగిలి ఆగిపోయిందనండి.

కర్నూలు నుంచి:
దొరికిందండీ! "1904 సెప్టెంబరు 30న హంటర్ మొగలో మెట్ట పట్టిన ఓడ." పంపించేశా.

అనంతపురం నుంచి:
మేము తాతల నాటి నుంచి మెట్ట పట్టుకునే ఉండాం కదప్పా. ఒక్కరన్నా వచ్చి ఫొటో తీసినారా?