బరువు తగ్గేటప్పుడు ఇంట్లో వెయింగ్ మిషన్ ఉండాలా, వద్దా?

మియాపూర్_మెట్రో:

అందరికీ నమస్కారం. వయసు 38, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 దగ్గర. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ ముందు ఒక 8 కిలోలు తగ్గమన్నారు. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, పొద్దున గంట నడక, వారానికి మూడు రోజులు జిమ్ మొదలైంది. తిండి సంగతి డైటీషియన్ చూస్తున్నారు, దాని గురించి అడగట్లేదు. ఇంట్లో మిషన్ కొనాలా వద్దా అన్నదే ప్రశ్న. డైటీషియన్ ఏమో "నెలకోసారి క్లినిక్‌లో చూద్దాం, ఇంట్లో వద్దు" అంటున్నారు. జిమ్ కోచ్ రోజూ చూసుకోమంటున్నాడు. ఇంట్లోవాళ్లు వారానికోసారి చాలంటున్నారు. కొంటే ఎప్పుడు ఎక్కాలి, ఆ నంబర్‌ను ఎట్లా చదవాలి? ఫ్యాట్ శాతం చూపించే బ్లూటూత్ మిషన్‌కి డబ్బులు పెట్టొచ్చా?

పచ్చిపులుసు:

కొనండి. అయితే ఎక్కే ముందు ఒక లెక్క తలలో ఉండాలి, లేకపోతే మీ డైటీషియన్ మాటే నయం.

కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. మీరు రోజూ అవసరం కన్నా 500 కేలరీలు తక్కువ తింటున్నారనుకుందాం. అంటే రోజుకు కరిగే కొవ్వు దాదాపు 65 గ్రాములు. ఇంట్లో వాడే మిషన్ 100 గ్రాముల మెట్టు మీద నడుస్తుంది. అంటే మీరు వెతుకుతున్నది దానికి ఒక రోజులో కనపడనే కనపడదు. కానీ ఒంట్లో నీళ్లు, ఉప్పు, పేగుల్లో ఉన్న తిండి కలిసి రోజుకు కిలో, ఒక్కోసారి రెండు కిలోలు అటూ ఇటూ ఆడతాయి. మిషన్ మీద రోజూ కనిపించే ఆట అంతా ఇదే.

ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ, పైన డబల్ కా మీఠా. సోమవారం పొద్దున కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అదంతా కొవ్వే కావాలంటే అవసరానికి పైన 11,500 కేలరీలు తినాలి, ఒక్క పూటలో అది అయ్యే పని కాదు. జరిగిందేమిటంటే, అన్నంలోని పిండిపదార్థం కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా, అంటే ఒళ్లు దాచుకునే పిండిగా, చేరింది. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు 3 గ్రాముల నీళ్లు పట్టుకుంటుంది. బిర్యానీలో ఉప్పు ఇంకొంత నీటిని ఆపింది. గురువారానికల్లా చాలావరకు దిగిపోతుంది. ఇదే లెక్క తిరగేస్తే, రాత్రి అన్నం మానేసిన మొదటి వారంలో రెండు కిలోలు పడిపోతే అందులో ఎక్కువ భాగం నీళ్లే. రెండో వారం అంత తగ్గలేదని చాలామంది అక్కడే వదిలేస్తారు.

అందుకని పద్ధతి ఇది. పొద్దున లేచి, టాయిలెట్‌కి వెళ్లొచ్చి, నీళ్లూ చాయ్ ముట్టకముందు, ఒకే రకం బట్టలతో ఎక్కండి. నంబర్ రాసి మరిచిపోండి. వారం అయ్యాక ఏడు రోజులదీ సగటు కట్టి, పోయిన వారం సగటుతో పోల్చండి. ఉదాహరణకు శనివారం నుంచి శుక్రవారం దాకా ఇట్లా వచ్చిందనుకోండి: 84.2, 83.6, 84.9, 84.4, 83.9, 83.7, 83.5. సగటు 84.0. తర్వాతి వారం 83.8, 83.2, 84.6, 84.0, 83.4, 83.3, 82.9. సగటు 83.6. వారంలో 400 గ్రాములు తగ్గారు, బాగానే నడుస్తోంది.

ఇప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పిన వారానికోసారి సంగతి చూడండి. మొదటి వారం ఆదివారం ఎక్కితే 83.6. రెండో వారం ఆదివారం మరిచిపోయి సోమవారం ఎక్కితే 84.6. "కడుపు మాడ్చుకున్నా కిలో పెరిగాను" అని ఆ రోజంతా పాడు. ఒంట్లో చూస్తే బరువు తగ్గే ఉంది. నన్నడిగితే మూడు పద్ధతుల్లో వారానికోసారే ఎక్కువ మోసం చేస్తుంది. కచ్చితంగా వారానికోసారే కావాలంటే గురువారమో శుక్రవారమో పెట్టుకోండి, ఆ రోజు మార్చొద్దు, నాలుగు వారాల నంబర్లు వచ్చేదాకా ఏ తీర్పూ ఇవ్వొద్దు.

లోడ్‌సెల్:

మిషన్ గురించి నేను చెప్త అన్నా.

అద్దం లెక్క ఉండే డిజిటల్ మిషన్ కింద నాలుగు మూలలకు నాలుగు చిన్న కాళ్లుంటయి. ఒక్కో కాలుల బరువు కొలిచే ఒక్కో లోడ్ సెల్. నాలుగింటి మీద పడ్డ బరువు కూడి స్క్రీన్ మీద చూపిస్తది. ఏ కాలన్నా గాలిల ఉన్నా, మెత్తటి దాని మీద ఉన్నా లెక్క తప్పుతది. కార్పెట్ మీద, డోర్ మ్యాట్ మీద, పరుపు పక్కన పరిచిన రగ్గు మీద పెట్టొద్దు. బాత్రూంల అస్సలు వద్దు, అక్కడ ఫ్లోరు నీళ్లు పోయేతందుకు వాలుగ ఉంటది, పైగా తడికి సర్క్యూట్ ఖరాబైతది. అపార్ట్‌మెంట్‌ల హాల్‌ల టైల్స్ మంచిగ పని చేస్తయి, కాకపోతే కాలు రెండు టైల్స్ నడుమ గీత మీద పడకుండ చూస్కోర్రి. పాత ఇండ్లల్ల షాబాద్ బండ ఉంటే నాలుగు మూలలు ఒక్కొక్కటి వేలుతోని నొక్కి చూడుర్రి. ఊగితే ఇంకో జాగ వెతకాలె. జాగ దొరికినంక నాలుగు మూలల టేప్ ముక్క అతికిస్తే రోజూ అదే జాగల పెట్టొచ్చు.

మిషన్ జరిపినంక ఒక్కసారి కాలుతోని నొక్కి వదిలి, 0.0 వచ్చేదాక ఆగి అప్పుడు ఎక్కాలె. ఎక్కినంక కదలొద్దు, గోడ పట్టుకోవద్దు.

కొన్నంక ఒక పరీక్ష చేయుర్రి. 10 కిలోల సీల్ తీయని సోనా మసూరి సంచి తీస్కోర్రి. ఉత్త సంచి మిషన్ మీద పెడితే కొన్నిటికి సరిగ రాదు, తక్కువ బరువుకు అవి ఆన్ కావు. ముందు మీరొక్కరే ఎక్కుర్రి, దిగి, సంచి పట్టుకొని ఎక్కుర్రి. తేడా 10 కిలోలకు 100, 200 గ్రాములు అటిటు ఉంటే మిషన్ మంచిదే.

ఇంకొకటి చానామందికి తెల్వదు. కొన్ని మిషన్లు వెనకటి నంబర్ గుర్తు పెట్టుకుంటయి. మళ్ల ఎక్కినప్పుడు తేడా చిన్నగ ఉంటే కొత్త నంబర్ చూపియ్యకుండ పాతదే చూపిస్తయి. వరుసగ ఐదుసార్లు ఎక్కినా ఒక్క గ్రాము తేడా రాకపోతే "అబ్బ ఎంత కరెక్ట్" అనుకోవద్దు. అనుమానముంటే నడుమల బియ్యం సంచితోని ఒకసారి ఎక్కి, పాత నంబర్ చెరిపి, మళ్ల మీరు ఎక్కుర్రి.

మిషన్ అసలు బరువు కన్నా అర కిలో ఎక్కువ చూపించినా మీకు నష్టం లేదు, రోజూ అదే అర కిలో ఎక్కువ చూపిస్తే చాలు. అందుకే ఇంటి నంబర్, క్లినిక్ నంబర్, జిమ్ నంబర్ ఒకదాంతోని ఒకటి పోల్చొద్దు. క్లినిక్‌ల సాయంత్రం పూట, బెల్టు, ఫోను, మధ్యాహ్నం తిన్న అన్నం అన్నీ కలిసి ఎక్కుతయి.

ఇగ బ్లూటూత్ మిషన్. పైన మెరిసే లోహపు పట్టీలు ఉంటయి కదా, వాటి నుంచి చిన్న కరెంట్ ఒక కాలుల నుంచి ఇంకో కాలులకు పంపి, ఒళ్లు ఎంత అడ్డుకుంటుందో కొలుస్తది. కరెంట్ ఎక్కువగ కాళ్లల్లనే తిరుగుతది. మిగిలిన ఒంటికి మీ వయసు, ఎత్తు, ఆడ, మగ చూసి ఒక ఫార్ములా పెట్టి అంచనా కడతది. నమ్మకపోతే యాప్‌ల ఎత్తు 10 సెంటీమీటర్లు మార్చి మళ్ల ఎక్కి చూడుర్రి. ఒంట్ల ఏం మారకుండనే ఫ్యాట్ శాతం మారుతది. స్నానం చేసి తడి కాళ్లతోని ఎక్కినా, చెమట పట్టినంక ఎక్కినా ఒక్కో తీరు చూపిస్తది. "బాడీ ఏజ్" అని ఒకటి చూపిస్తది, దాన్ని చూసి నవ్వుకోవాలె గంతే. పేస్‌మేకర్ ఉన్నోళ్లు మాత్రం అసుంటిది ఎక్కనే వద్దు. బరువు దానంతటదే ఫోన్‌ల రాసుకుంటది కాబట్టి రాసే బద్ధకం ఉన్నోళ్లకు పనికొస్తది, అదొక్కటే లాభం. లేకపోతే 150 కిలోల దాక మోసే, 100 గ్రాముల మెట్టున్న మామూలు మిషన్ చాలు. స్ప్రింగు, ముల్లు ఉండేది కొనొద్దు, పక్క నుంచి చూస్తే ఒకటి, పైనుంచి చూస్తే ఒకటి కనిపిస్తది.

తార్నాక_టిఫిన్:

పైవాళ్లు చెప్పిన లెక్కలతో పేచీ లేదు. కానీ "అందరూ రోజూ ఎక్కండి" అంటే నేను ఒప్పుకోను. మీ డైటీషియన్ ఊరికే వద్దనలేదండీ.

నంబర్ చూశాక ఏం చేస్తారన్నదే ప్రశ్న. అర కిలో పెరిగిందని పొద్దున ఇడ్లీ మానేసి, పదకొండింటికల్లా ఆకలికి ఆగలేక రెండు ఉస్మానియా బిస్కెట్ల బదులు ఎనిమిది తినేవాళ్లున్నారు. "ఎలాగూ పెరిగింది కదా" అని సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగేవాళ్లూ ఉన్నారు. తగ్గిందని బహుమతిగా తినేవాళ్ల సంగతి సరేసరి. రోజుకు రెండు మూడుసార్లు ఎక్కాలనిపించడం, టాయిలెట్‌కి ముందొకసారి తర్వాత ఒకసారి చూసుకోవడం, నంబర్‌ను బట్టి భోజనం మానేయడం మొదలైతే మిషన్‌ను అటక మీద పెట్టేయాలి. గతంలో తిండికి సంబంధించిన మానసిక సమస్య ఉన్నవాళ్లకు డాక్టర్ చెప్పకుండా ఇంట్లో మిషన్ వద్దు. ఇంట్లో ఎదిగే ఆడపిల్లలుంటే వాళ్ల ముందు రోజూ "అయ్యో పెరిగాను" అనే పాట కూడా మంచిది కాదు.

అట్లాగని మిషన్‌ను తిట్టడం లేదు. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీ అని ఒకటుంది. కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదైనా నిలుపుకున్నవాళ్లే అందులో చేరతారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది వారానికి ఒకసారైనా తూచుకుంటారు. తూచుకోవడం వల్లే తగ్గారని దీంతో చెప్పలేం కానీ, చూసుకోవడం మానేసిన వాళ్లకు మళ్లీ పెరిగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఆడవాళ్ల లెక్క వేరు, పైన ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నెలసరికి ముందు కొన్ని రోజులు ఒళ్లు నీరు పట్టి కిలో దాకా పెరగొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. వారం సగటు కూడా అప్పుడు మోసం చేస్తుంది. ఈ నెల నెలసరి అయిపోయిన వారం సగటును, పోయిన నెల అదే వారం సగటుతో పోల్చుకోవాలి.

షుగర్ బార్డర్‌లో ఉన్నవాళ్లకు బరువు కన్నా నడుము ఎక్కువ చెబుతుంది. టైలర్ టేపు ఒకటి చాలు. పక్కన చివరి పక్కటెముక అంచు ఎక్కడుందో వేలితో పట్టుకోండి, తుంటి ఎముక పైఅంచు పట్టుకోండి, రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు నేలకు సమానంగా చుట్టండి. బొడ్డు మీదుగానో, ప్యాంటు కట్టే చోటో కొలిస్తే లెక్క మారిపోతుంది. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి, పొట్ట లోపలికి లాగొద్దు, టేపు చర్మాన్ని నొక్కొద్దు. రెండుసార్లు కొలిచి సగటు రాయండి. రెండు వారాలకోసారి చాలు. మనవాళ్లకు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని లెక్క.

తగ్గాలని ఏ ప్రయత్నమూ లేకుండా బరువు పడిపోతూ, దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే సంతోషించకుండా షుగర్ పరీక్ష చేయించాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, పాదాలు వాచి, ఆయాసం వస్తుంటే బిర్యానీ మీద నెట్టొద్దు, అదే రోజు డాక్టర్‌ను కలవాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లను రోజూ తూచుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

మియాపూర్_మెట్రో:

చాలా థ్యాంక్స్ అండీ. మామూలు మిషన్, టేపు కొంటాను. ఒక్క సందేహం. రెండు వారాలు సగటు అస్సలు కదలకపోతే తిండి ఇంకా తగ్గించాలా? ఊరెళ్లినప్పుడు, రంజాన్‌లో హలీమ్ రోజుల్లో ఎట్లా?

పచ్చిపులుసు:

రెండు వారాలకు తగ్గించొద్దు. మీరు కొత్తగా జిమ్ మొదలుపెట్టారు కదా. కొత్తగా బరువులెత్తితే కండరాలు నొప్పి పట్టి నీరు ఆపుకుంటాయి, కొన్ని వారాలు అది కొవ్వు తగ్గడాన్ని కప్పేస్తుంది. జిమ్‌కి వెళ్లేవాళ్లు కొందరు కండల కోసం తీసుకునే క్రియాటిన్ పొడి వాడితే నీరు ఇంకా ఎక్కువ. అప్పుడు టేపు చూడండి. బరువు కదలకుండా నడుము తగ్గుతుంటే ఏమీ మార్చొద్దు. నాలుగు వారాలపాటు సగటూ నడుమూ రెండూ కదలకపోతే అప్పుడు తిండి వైపు చూడాలి. చాలా ఇళ్లలో మొదట వెతకాల్సింది నూనె. పోపుకి సీసా వంచి పోయకుండా చెంచాతో కొలవండి. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే 120 కేలరీలు. జొన్నరొట్టె పక్కన కూరలో అట్లాంటి రెండు టేబుల్ స్పూన్లు ఎక్కువ పడితే మీ 500 తగ్గింపులో సగం అక్కడే పోయింది.

ఉప్పు కూడా చూసుకోండి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాములు దాటొద్దంటుంది. ఆవకాయ, అప్పడం, హలీమ్ ఉన్న రోజు అది సులువుగా దాటుతుంది. ఒంట్లో 9 గ్రాముల ఉప్పు అదనంగా నిలిస్తే దాన్ని పలచన చేయడానికి దాదాపు లీటరు నీళ్లు నిలుస్తాయి, అంటే మిషన్ మీద కిలో. నాలుగు రోజులు మామూలు తిండి తింటే మూత్రంలో పోతుంది.

ఊరెళ్లినప్పుడు అక్కడి కాటా ఎక్కొద్దు. తిరిగొచ్చాక మూడు రోజులు వదిలేసి నాలుగో రోజు నుంచి రాయండి, ఆ వారం సగటు నాలుగు నంబర్లతో కట్టినా పర్లేదు. నాలుగు కన్నా తక్కువ ఉంటే ఆ వారాన్ని లెక్కలోంచి తీసేయండి.

తార్నాక_టిఫిన్:

ఇంకొక్క మాట. డైటీషియన్‌కు చెప్పకుండా చేయొద్దు. నెలకోసారి వెళ్లినప్పుడు రోజువారీ నంబర్లన్నీ చూపిస్తే ఆవిడకూ చిరాకే. నాలుగు వారాల సగటు నాలుగు నంబర్లు, నడుము కొలత రెండు, ఒకే కాగితం మీద రాసుకెళ్లండి. క్లినిక్ మిషన్ మీద ఆవిడ తూస్తే అది ఆవిడ లెక్క, మీ కాగితం మీద దాన్ని కలపకండి.