సాటర్‌లాండ్ ఫ్రిసియన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
జర్మనీలోని సాటర్‌లాండ్ ఫ్రిసియన్ (అక్కడివాళ్లు సేల్తర్స్క్ అంటారు) ఇప్పుడు ఎంతమంది మాట్లాడుతున్నారు? గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ‘ఫ్రిసియన్’ ఎంచుకుంటే వచ్చే వాక్యాలకీ, ఆ భాష వికీపీడియాలో కనిపించే రాతకీ పోలికే లేదు. ఎందుకని? నేర్చుకోడానికి ఏం దొరుకుతుంది?

జవాబు 1:
గూగుల్ ఇచ్చేది నెదర్లాండ్స్‌లోని పశ్చిమ ఫ్రిసియన్ అండీ. ఫ్రిసియన్ పేరుతో మూడు భాషలున్నాయి, ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. పేరుతో కాకుండా ఐఎస్‌ఓ వాళ్లు ఒక్కో భాషకి ఇచ్చిన మూడక్షరాల కోడ్‌తో వెతకండి: పశ్చిమానికి ఎఫ్‌ఆర్‌వై, ఉత్తరానికి ఎఫ్‌ఆర్‌ఆర్, సాటర్‌లాండ్‌కి ఎస్‌టీక్యూ. ఎఫ్‌ఆర్‌ఎస్ జోలికి మాత్రం పోకండి. తూర్పు ఫ్రిసియా పేరున్నా అది ఫ్రిసియన్ కాదు, లో జర్మన్ (ఉత్తర జర్మనీలో మాట్లాడే వేరే భాష) యాస. డేటా పోగేసేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

మాట్లాడేవాళ్లు 1,500 నుంచి 2,500 దాకా ఉంటారని అంచనా.

జవాబు 2:
ఈ భాష మాట్లాడే ఊళ్లు నాలుగు: రామ్స్‌లో, షారెల్, ష్ట్రుక్లింగెన్, జేడెల్స్‌బెర్గ్. లోయర్ సాక్సనీ రాష్ట్రంలో, క్లోప్పెన్‌బుర్గ్ జిల్లా. చుట్టూ బురద నేల, మధ్యలో సుమారు 15 కి.మీ. ఇసుక దిబ్బ. రోడ్లు పడేదాకా రాకపోకలు ఎక్కువగా పడవల మీదే. పైగా వీళ్లు క్యాథలిక్కులు, ఉత్తరాన ఉన్న తూర్పు ఫ్రిసియావాళ్లు ప్రొటెస్టెంట్లు, కాబట్టి వియ్యాలు తక్కువ. ఇలా విడిగా ఉండబట్టే భాష నిలిచింది. ఇది తూర్పు ఫ్రిసియన్ శాఖది, ఆ శాఖలో మిగతావన్నీ పోయాయి. వాంగరోగ ద్వీపపు మాట తెలిసిన చివరివాళ్లు 1950లో పోయారు.

ఇక్కడా 1945 తర్వాత శరణార్థులు, రోడ్లు రావడంతో ఇళ్లలోకి జర్మన్ వచ్చేసింది. 1999 నుంచి ప్రాంతీయ, మైనారిటీ భాషల ఐరోపా చార్టర్ (ఒప్పందం) రక్షణ ఉంది, ఊరి పేర్ల బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, బడిలోనూ కిండర్‌గార్టెన్‌లోనూ కొంత నేర్పుతారు. నా లెక్కలో ఇంట్లో వినని పిల్లలకి ఆ కాసేపు చాలదు.

జవాబు 3:
ముందు జర్మన్ చదవడం వచ్చి ఉండాలి. పనికొచ్చే సామగ్రి చాలావరకు అందులోనే. భాషావేత్త మ్యారన్ ఫోర్ట్ రాసిన నిఘంటువు (1980, పెంచిన ముద్రణ 2015) సంపాదించండి. ఆయనే అనువదించిన కొత్త నిబంధన 2000లో వచ్చింది, జర్మన్ బైబిల్ పక్కన పెట్టుకుని వచనం వచనం చదవచ్చు. మాట దొరక్కపోతే లేదనుకోకండి: ఈ భాష మీద పనిచేసిన ఇంకో పరిశోధకుడు పీట్ క్రామర్ వర్ణక్రమం వేరు, ఫోర్ట్‌ది వేరు. ఏదో ఒకటే పట్టుకుని రాయండి.

తొలి తప్పులు అంకెల్లోనే వస్తాయి. పుంలింగ నామం ముందు రెండుకి ‘ట్వెయిన్’, మూడుకి ‘ట్రెయి’. స్త్రీ, నపుంసక లింగాల ముందు ‘ట్వో’, ‘ట్ర్యో’. అందుకే నామం నేర్చుకున్నప్పుడే దాని లింగం కూడా రాసిపెట్టుకోండి.