రాతి కట్టడం ఫోటో: ఎడిట్ చేశాక గోడ గోడలా ఉండట్లేదు

కొత్తలెన్స్:
పాత రాతి కట్టడాలు తీయడం నాకు పిచ్చి. ఫోటోల్లో మాత్రం రెండు ఇబ్బందులు. 24 ఎంఎం లెన్స్‌తో మొత్తం పట్టాలని కెమెరా పైకెత్తితే గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరకొచ్చేసి, భవనం వెనక్కి వాలినట్టు ఉంటోంది. రాయి గరుకుదనం కోసం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో వెలుగునీడల తేడా పెంచే క్లారిటీని 60 దాకా లాగితే గోడంతా స్పాంజిలా తయారవుతోంది. పైగా గోడకీ ఆకాశానికీ మధ్య తెల్లటి అంచు! ట్రైపాడ్ ఉంది, రా ఫైలే (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు) తీస్తాను. ఎక్కడ మార్చుకోవాలి?

ఏటవాలుఎండ:
ముందు రెండోది చెప్తాను, అది అసలు ఎడిటింగ్ సమస్యే కాదు. ఎండ మీ వీపు వెనక నుంచి తిన్నగా గోడ మీద పడుతున్నప్పుడు తీసి ఉంటారు. అప్పుడు ప్రతి గుంటా, ప్రతి ఉలి గాటూ ఒకే వెలుగులో కలిసిపోతుంది. లేని నీడని క్లారిటీ ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఉన్న మరకల్నే ముదురు చేస్తుంది, అంతే.

ఎండ గోడని పక్కనుంచి రాసుకుంటూ పోయే వేళ పట్టుకోండి. అందరూ చెప్పే ‘పొద్దున్నే, సాయంత్రమే’ అన్న మాట సగమే నిజం. తూర్పు గోడ మీద పొద్దున్నే ఎండ ఎదురుగా కొడుతుంది. రంగు బాగుంటుంది కానీ రాయి చదునుగా వస్తుంది. మధ్యాహ్నం దగ్గరపడి ఆ గోడ నీడలోకి జారబోయే ముందు కాసేపు చెక్కడాలన్నీ లేచి నిలబడతాయి. ఆ కాసేపటి కోసం నేను ఎంతసేపైనా కూర్చుంటాను. అలాంటి ఫోటోకి క్లారిటీ 10 చాలు, సన్నని గరుకుదనాన్ని పెంచే, 2019లో వచ్చిన టెక్స్చర్ స్లైడర్ ఇంకొంచెం. ఆ మార్పులు ఆకాశానికి తగలకుండా మాస్క్‌తో దాన్ని వదిలేస్తే తెల్ల అంచు చాలావరకు రాదు. వైట్ బ్యాలెన్స్ (రంగుల వెచ్చదనం సెట్టింగ్) ఆటోలో వదలకండి, ఇసుకరాయి పసుపుని అది చాలాసార్లు చంపేస్తుంది. 5,200 కెల్విన్ దగ్గర మొదలుపెట్టండి.

ఇక వాలిపోవడం. సెన్సర్ గోడకి సమాంతరంగా లేకపోతే గీతలు కలుస్తాయి. కెమెరాని నిలువుగా తిప్పి, పైకెత్తకుండా లెవెల్‌లో ఉంచి, వీలైనంత వెనక్కి వెళ్లి తీయండి. కింద బోలెడు నేల వస్తుంది, దాన్ని కత్తిరించేయండి. భవనాలు వాలకుండా తీయడానికి వాడే షిఫ్ట్ లెన్స్ చేసే పని దాదాపు ఇదే, మెగాపిక్సెల్స్ కొన్ని పోతాయి గానీ డబ్బులు పోవు.

మేఘంవస్తే:
వెనక్కి వెళ్లే చోటు లేకపోతే? లైట్‌రూమ్ ట్రాన్స్‌ఫార్మ్‌లో, వాలిన గీతల్ని నిటారు చేసే గైడెడ్ వాడి, గోడ అంచుల మీద రెండు గీతలు గీస్తే సరి. పక్కలు కోతకి పోతాయి కాబట్టి ముందే చుట్టూ ఖాళీ వదలండి. అయితే పూర్తిగా నిటారు చేస్తే ఎత్తైన కట్టడం పైభాగం బరువెక్కినట్టు కనిపిస్తుంది, కొంచెం వాలు ఉంచేయడమే నాకిష్టం.

ఇంకోటి, మొత్తం పట్టాలన్న పట్టుదల దేనికండీ? బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ ఫ్రెడరిక్ ఎవాన్స్ 1903లో ఇంగ్లండ్‌లోని వెల్స్ కేథడ్రల్ అనే పాత చర్చిలో తీసిన మెట్ల ఫోటో చూడండి. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం అరిగిపోయిన మెట్లే. కేథడ్రల్ ఎంత పాతదో వాటిని చూస్తేనే తెలిసిపోతుంది.

కొత్తలెన్స్:
ఇద్దరికీ థాంక్సండీ. గూళ్ల లోపల నల్లగా వస్తోంది, హెచ్‌డీఆర్ (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసినవి కలపడం) చేయనా? గోడ మీద వేలాడే కరెంటు వైరు తీసేయొచ్చా?

ఏటవాలుఎండ:
గూడు లోపల చీకటి ఉండాలి, అది గూడు కదా! నీడల్ని తేలిక చేసే షాడోస్ స్లైడర్ 20 పెంచి లోపలి అంచు లీలగా కనిపిస్తే ఆపేయండి. లోపల విగ్రహం ఉండి అదే ముఖ్యమైతే మాత్రం మబ్బు పట్టిన రోజు విడిగా తీసుకోండి. వైరు నిరభ్యంతరంగా తీసేయండి. పగుళ్లు, నాచు, ఊడిపోయిన రాయి జోలికి వెళ్లకండి. మచ్చలు చెరిపే హీల్ బ్రష్ చేతిలో ఉంటే అక్కడే చెయ్యి ఆగదు, నాకు తెలుసు.