రింగులు వేసిన కాలి మీద బరువు వేసి నడవొచ్చా? నట్లు వదులు చేసి పంపారు

ప్రశ్న (సూర్యాపేట నుంచి)

అందరికీ నమస్కారం. బండి యాక్సిడెంట్‌లో మా తమ్ముడికి మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆపరేషన్ చేసి కాలి చుట్టూ రింగులు వేశారు. మొన్న చెకప్‌లో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఎముక పట్టడం మొదలైందన్నారు. రింగుల మధ్య రాడ్లకున్న నట్లు స్పానర్‌తో కొంచెం వదులు చేసి, ఇక కాలి మీద బరువు వేస్తూ నడవమన్నారు. ఇప్పుడు అడుగు వేసినప్పుడల్లా లోపల సన్నగా కదులుతున్నట్టుందని వాడంటున్నాడు. మా నాయనమ్మ మంచం దిగనివ్వట్లేదు. "కదిపితే ఎముక ఎక్కడైనా అతుకుతుందా?" అంటుంది. రింగులు తీయించి పుత్తూరు కట్టు కట్టిద్దామని పెదనాన్న పట్టు. బిగించినవాటిని మళ్లీ వదులు చేయడమేంటో నాకూ అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (రాజమండ్రి)

నాకూ ఇవే రింగులుండేవి. నడవడం మొదలెట్టాకే నా ఎక్స్‌రేలో మార్పు కనబడింది. పిన్నులు చర్మంలోకి దిగే చోట శుభ్రం చేయడం మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. నాకు ఇబ్బంది వచ్చిందంతా అక్కడే.

జవాబు 2 (గుంటూరు, ఫిజియోథెరపిస్టుని)

మీ నాయనమ్మ గారి భయంలో సగం నిజముంది, ఆ మాట ముందు ఆవిడకి చెప్పండి. విరిగిన చోట ఎముక పక్కకి జరిగినా, మెలి తిరిగినా అతకడం కష్టమే. కానీ అడుగు వేసినప్పుడు నిలువుగా కాస్త నొక్కుకుని, తీసినప్పుడు వదిలే కదలిక వేరు. అది ఎముకకు కావాలి.

ఇంగ్లండ్‌లో గుడ్‌షిప్, కెన్‌రైట్ అనే ఇద్దరు దీన్ని గొర్రెల మీద చూసి 1985లో ప్రచురించారు. గొర్రె కాలి ఎముకలో 3 మిల్లీమీటర్ల ఖాళీ చేసి, బయటి నుంచి ఫిక్సేటర్ (ఎముకను పట్టి ఉంచే చట్రం) బిగించారు. కొన్నిటిని కదలకుండా అలాగే ఉంచారు. మిగతావాటికి రోజుకు 17 నిమిషాలు మాత్రం, రెండు సెకన్లకొకసారి, 1 మిల్లీమీటరు మేర నిలువుగా కదలిక ఇచ్చారు. బాగా పట్టింది ఆ కదిలించిన ఎముకలే. తర్వాత టిబియా (మోకాలి కింద ఉండే పెద్ద ఎముక) విరిగిన మనుషుల్లోనూ చూసి 1991లో ఫలితాలిచ్చారు: రోజూ 20 నిమిషాలు కదలిక ఇచ్చినవాళ్లకి సగటున 23 వారాల్లో, ఇవ్వనివాళ్లకి 29 వారాల్లో అతికింది. పనికి వెళ్తేనే ఇల్లు గడిచే మనిషికి ఆ ఆరు వారాలు ఎంతో నాకు బాగా తెలుసు.

విరిగిన చోట ముందు మెత్తటి కణజాలం, తర్వాత మృదులాస్థి, ఆపైన ఎముక తయారవుతాయి. పెరెన్ అనే స్విస్ సర్జన్ వీటికి ఒక లెక్క చెప్పారు. మెత్తటి కణజాలం తన పొడవుకి రెట్టింపు సాగినా తట్టుకుంటుంది, మృదులాస్థి పదో వంతు వరకే, ఎముక నూటికి రెండు వంతులే. బొత్తిగా కదలకపోతే చుట్టూ కొత్త ఎముక సరిగా పుట్టదు, మరీ కదిలితే పుట్టింది కాస్తా చిరుగుతుంది. అందుకే ఎంత బరువు, ఎప్పటి నుంచి అన్నది ఎక్స్‌రే చూసిన డాక్టరే చెప్పాలి.

ఇక రింగుల సంగతి. ఇది సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే సర్జన్ రూపొందించిన పద్ధతి. ఎముకలోంచి దూర్చే తీగలు రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండవు, వాటిని లాగి రింగుకి బిగిస్తారు. నవారు మంచం మీద కూర్చుంటే నవారు కాస్త దిగి, లేవగానే పైకొస్తుంది కదా, తీగలూ అంతే. పై నుంచి బరువు పడితే కొద్దిగా వంగుతాయి, పక్కకి మాత్రం అంత తేలిగ్గా జరగనివ్వవు. ఇన్నాళ్లూ బరువులో ఎక్కువ భాగం రాడ్ల మీదుగా కిందికి పోయింది. నట్లు వదులు చేయడంతో ఇప్పుడది ఎముక మీదికి మళ్లింది. కావాలని చేసిన పనే, మరిచిపోయి వదిలేసింది కాదు. ఎముక కొంత పట్టిందనే నమ్మకంతోనే చేస్తారు.

పుత్తూరు కట్టు మాట ఇప్పుడు వద్దే వద్దు. ఎముక బయటికొచ్చిన కాలు, రింగులు తీస్తే పట్టుకుని ఉంచేది ఇంకేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ మేడమ్. మొదట సగం బరువు వేయమన్నారు. సగమని ఎలా తెలుస్తుంది? వాడు బొటనవేలు ఆనించి కాలు పైకి లాగేస్తున్నాడు.

జవాబు 2 (గుంటూరు)

బరువు చూసే మిషన్ ఒకటి తెచ్చుకోండి. పక్కనే అంతే ఎత్తున్న పీట వేయండి. మంచి కాలు పీట మీద, రింగుల కాలు మిషన్ మీద పెట్టి, రెండు చేతులా వాకర్ పట్టుకుని నిలబడాలి. మనిషి 60 కేజీలుంటే ముల్లు 30 దగ్గరికి వచ్చేదాకా మెల్లగా కాలి మీదికి వాలాలి. మొదటిసారి చాలామంది 10 దగ్గరే ఆగిపోతారు, తిట్టకండి. అక్కడే ఊపిరి తీసుకుని ఇంకాస్త వాలమనండి. కొన్నాళ్లకి ముల్లు చూడకుండానే కాలికి ఆ బరువు గుర్తుంటుంది.

బొటనవేలి మీద నడవనివ్వొద్దు. మడమ ముందు ఆనాలి. పాదం కిందికి వాలి బిగుసుకుపోతే రింగులు తీశాక కూడా కుంటు మిగులుతుంది. వెనక పట్టీ ఉన్న చెప్పు వేసి, దాని ముందు భాగానికి ఎలాస్టిక్ కట్టి పై రింగుకి తగిలించండి, పాదం నిటారుగా ఉంటుంది. మేం నట్ల మీద గోళ్ల రంగుతో గీత పెట్టిస్తాం. గీత జరిగితే నట్టు దానంతటదే తిరిగిందన్నమాట. మీరు స్పానర్ పట్టొద్దు, ఆసుపత్రికి ఫోన్ చేయండి.

బరువు వేసినప్పుడు కొద్దిపాటి నొప్పి ఉండి, కాలు ఎత్తగానే తగ్గితే పర్లేదు. రాత్రంతా సలుపుతున్నా, కాలు వంకర తిరిగినట్టు కనిపించినా, పిన్ను దగ్గర పల్చటి రసి కాకుండా చీము వచ్చినా, జ్వరం తగిలినా తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు. సిగరెట్ అలవాటుంటే ఈరోజే మాన్పించండి, ఎముక పట్టడాన్ని అది బాగా ఆలస్యం చేస్తుంది. నాయనమ్మ గారిని మిషన్ పక్కనే కూర్చోబెట్టి ముల్లు ఆవిడనే చదవమనండి.