అడవిలో దొరికిన నేలనత్త స్థానిక జాతిదో కాదో ఎలా గుర్తించాలి?

ప్రశ్న:
వాన వెలిసిన మర్నాడు అడవిలో కుళ్ళుతున్న దుంగ కింద, తడి ఆకుల్లో ఒక నేలనత్త కనిపించింది. గుల్ల వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు, రంగు గోధుమ, అక్కడక్కడా లేత మచ్చలు. పంటలను తినేసే ఆఫ్రికా రాక్షస నత్త పిల్ల ఇదేనేమోనని అనుమానంగా ఉంది. స్థానిక జాతి అయితే దానికి హాని జరగడం నాకు ఇష్టం లేదు. ఏమి చూసి నిర్ధారించుకోవాలో దయచేసి చెప్పండి.

జవాబు 1:
రంగును బట్టి నిర్ణయించకండి. ఒకే జాతిలో అది ఎంతో మారుతుంది, చచ్చిన నత్త గుల్ల అయితే ఎండకు తెల్లబడుతుంది కూడా. ఆకారం చూడండి. ఆఫ్రికా నత్త గుల్ల ఈ పరిమాణంలోనే వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా, కొస తేలి ఉంటుంది. గుల్ల ముఖద్వారం లోపల కనిపించే నడిమి స్తంభం (గుల్ల చుట్లు తిరిగే ఇరుసు) అడుగున కోసేసినట్టు ఆగిపోతుంది. మీ నత్త గుల్ల చదునుగా ఉందా? అడుగున బొడ్డులాంటి రంధ్రం ఉందా?

జవాబు 2:
నత్తను కాసేపు కదిలించకుండా వదిలి, తల బయటపెట్టినప్పుడు గమనించండి. ఆఫ్రికా నత్తతో సహా ఎక్కువ నేలనత్తలకు తలపై రెండు జతల స్పర్శకాలు (కొమ్ముల్లాంటివి) ఉంటాయి, కళ్ళు పై జత చివర ఉంటాయి. కొన్నింటికి మాత్రం ఒకే జత ఉండి, కళ్ళు దాని మొదట్లో ఉంటాయి. అలాంటి నత్తలు గుల్ల లోపలికి ముడుచుకున్నప్పుడు ఒక మూత ద్వారాన్ని మూసేస్తుంది. ఎండకాలంలో ఇతర నత్తలు ద్వారానికి అడ్డంగా కట్టుకునే ఎండిన జిగురు పొరను మూతగా పొరబడవద్దు.

ప్రశ్న అడిగినవారు:
మళ్ళీ వెళ్ళి చూశాను. గుల్ల చదునుగా ఉంది, అడుగున లోతైన రంధ్రం ఉంది, ద్వారం గుండ్రంగా ఉంది. ఒకే జత స్పర్శకాలు, గట్టి గుండ్రటి మూత కూడా కనిపించాయి.

జవాబు 2:
అయితే అది ఆఫ్రికా నత్త కాదు, ఈ విషయంలో సందేహమే అక్కర్లేదు. అది మూత ఉండే నేలనత్తల కుటుంబమైన సైక్లోఫోరిడేకు చెందినది కావచ్చు. వీటిలో ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి, ఆఫ్రికా నత్తలోనైతే రెండూ ఒకే జీవిలో ఉంటాయి. జాతి పేరు కోసం పైనుంచి, ద్వారం వైపు నుంచి, అడుగు నుంచి మూడు ఫొటోలు తీసి, పక్కన స్కేలు పెట్టండి. ద్వారపు అంచు మందంగా బయటికి తిరిగి ఉందో లేదో కూడా రాయండి, ఎందుకంటే పిల్ల నత్తలో అది ఇంకా ఏర్పడదు. ఇంతవరకే చూసి నత్తను అదే దుంగ కింద పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కోండి.