టీబీ మందులతో పాటు ఆస్పిరిన్ కూడా ఇవ్వాలా?

నీలిమ (ఇమ్యునాలజీ): టీబీ మందులకు ఆస్పిరిన్ గానీ ఐబుప్రోఫెన్ గానీ కలిపితే ఊపిరితిత్తులు తక్కువ దెబ్బతింటాయనే వాదన మళ్లీ వినిపిస్తోంది. రోగులందరికీ ఇలా కలపడం నాకు సమ్మతం కాదు.

క్షయ క్రిమి మాక్రోఫేజ్ అనే రక్షణ కణం లోపలే కాపురం పెడుతుంది. ఆ కణం తన పొరల్లోని అరాకిడోనిక్ యాసిడ్ నుంచి సంకేతాలు మోసే కొవ్వులను తయారుచేస్తుంది. కాక్స్ అనే ఎంజైముల దారిలో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 (క్లుప్తంగా ఈ2) వస్తుంది. లైపాక్సిజనేజ్ అనే ఇంకో ఎంజైము దారిలో ల్యూకోట్రైన్లు, లిపాక్సిన్ ఏ4 వస్తాయి. 2008, 2009ల్లో వచ్చిన పరిశోధనల్లో, రోగం కలిగించలేని హెచ్37ఆర్ఏ రకం సోకిన మాక్రోఫేజ్‌లు ఈ2ను ఎక్కువగా తయారుచేశాయి. అవి అపోప్టోసిస్‌తో, అంటే పద్ధతి ప్రకారం పొర చిరగకుండా చనిపోయాయి. క్రిమి లోపలే చిక్కుకుపోయింది. రోగం తెచ్చే హెచ్37ఆర్‌వీ మాత్రం లిపాక్సిన్ ఏ4ను పెంచి ఈ2ను అణిచేసింది. పొరకు పడ్డ చిరుగులు పూడలేదు, కణం నెక్రోసిస్‌తో, అంటే అడ్డదిడ్డంగా చచ్చి పగిలింది, క్రిములు బయటపడ్డాయి. ఆస్పిరిన్ ఆపేది కాక్స్‌నే. క్రిమి ఏ కొవ్వును అణచాలని చూస్తోందో దాన్నే మనమూ తగ్గిస్తే ఎలా?

వంశీ (ఛాతీ వైద్యం, పీజీ): మేడమ్, ప్లేటులో పెంచిన కణాలను చూసి మనిషి గురించి అంత గట్టిగా చెప్పలేం. మెదడు పొరల టీబీనే తీసుకోండి. 2010లో లక్నో వైద్యులు 118 మందితో చేసిన ట్రయల్‌లో రోజుకు 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్న వారిలో మూడు నెలల్లో మరణాల శాతం, తీసుకోని వారితో పోలిస్తే సుమారు సగమే. 2018లో వియత్నాంలో 120 మంది పెద్దలకు 81 మి.గ్రా., 1000 మి.గ్రా. మోతాదులు ఇచ్చి చూశారు. మొత్తం మీద తేడా తేలలేదు గానీ, టీబీ అని ఖాయంగా నిర్ధారణ అయినవారిలో కొత్త పక్షవాతాలు, మరణాలు తగ్గాయి. మెదడు రక్తనాళం మూసుకుపోయి కాలూ చెయ్యీ పడిపోయిన రోగిని చూస్తే ఈ అంకెలు వదిలేయబుద్ధి కాదు.

సుధాకర్ (మందుల షాపు): నా దగ్గరికి వచ్చేవాళ్ల బాధ వేరే. టీబీ మందు పైరజినమైడ్ వేసుకుంటే కీళ్లనొప్పులు వస్తాయి, నొప్పి మాత్ర అడుగుతారు. 2007లో ఎలుకల మీద వచ్చిన రెండు ఫలితాలు ఎక్కడో చదివాను. ఆస్పిరిన్ పైరజినమైడ్ పనిని పెంచిందట, ఇంకో టీబీ మందు ఐసోనియాజిడ్ పనిని మాత్రం తగ్గించిందట. ఆ రెండూ ఒకే చీటీలో ఉంటాయి కదండీ?

నీలిమ: సుధాకర్ గారు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఎలుకల్లో వచ్చిన ఫలితం మనుషుల్లో తేలాల్సిందే, కానీ ఆ అనుమానం ఉండగా అందరికీ ఇచ్చేయకూడదు.

వంశీ గారు, మెదడు పొరల టీబీలో ఆస్పిరిన్ అడ్డుకునేది ముఖ్యంగా రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబాక్సేన్‌ను. ఊపిరితిత్తులకు ఆ లెక్క పనికిరాదు. ఇంకో సంగతి చూడండి. 2010, 2012ల్లో జీబ్రాఫిష్ చేపలకు క్షయ క్రిమికి దగ్గరి చుట్టమైన మైకోబ్యాక్టీరియం మరైనమ్ సోకించి, ల్యూకోట్రైన్ బీ4ను తయారుచేసే ఎల్‌టీఏ4హెచ్ జన్యువును పరిశీలించారు. అది తక్కువ పనిచేస్తే లిపాక్సిన్లు పెరిగి, వాపును రేపే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ పడిపోతుంది, క్రిములు లోపల పెరిగి పెరిగి కణాన్ని పగలగొడతాయి. అది ఎక్కువ పనిచేస్తే టీఎన్ఎఫ్ మితిమీరుతుంది, కణం తనంతట తానే నెక్రోసిస్‌తో చస్తుంది. కారణాలు పూర్తిగా ఎదురెదురు, చివరికి దక్కేది మాత్రం పగిలిన కణం, బయట విచ్చలవిడిగా పెరిగే క్రిమి. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా కూర చెడినట్టే. ఒకే మందు మొదటి రోగికి హాని, రెండో రోగికి మేలు చేయగలదు. ఇదే జన్యువును బట్టి, వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఎవరికి పనిచేస్తుందో మారుతుందని మెదడు పొరల టీబీ ఉన్న వియత్నాం రోగుల్లో కనిపించింది. కానీ ఇండోనేషియాలో వెతికితే ఆ జన్యువుకూ రోగులు బతకడానికీ సంబంధం కనబడలేదు.

వంశీ: ఇది ఒప్పుకుంటాను. అయితే రోగం ఏ దశలో ఉందన్న సంగతి కూడా చూడండి. 2014లో ఎలుకల్లో ఈ2ను పెంచితే, ల్యూకోట్రైన్ల దారిలోని ఎంజైము 5-లైపాక్సిజనేజ్‌ను జైల్యూటాన్ అనే మందుతో ఆపితే మేలు జరిగింది. కానీ ఆ ఎలుకలకు టీబీ మందులు ఇవ్వలేదు. మా ఓపీకి వచ్చేసరికి రోగికి ఊపిరితిత్తిలో గుహ పడి ఉంటుంది, మందులతో క్రిములు చస్తూ ఉంటాయి. మెక్సికోలో 2002లో ముదిరిన దశ ఎలుకల్లో ఈ2 తయారీని ఆపితే న్యుమోనియా, క్రిముల సంఖ్య రెండూ తగ్గాయి. 2013లో, మనిషిలో లాంటి టీబీ గాయాలు పడే సీ3హెచ్ఈబీ రకం ఎలుకలకు ఐబుప్రోఫెన్ ఇస్తే గాయాలు తగ్గి, అవి ఎక్కువకాలం బతికాయి. మొదట్లో కాపాడిన కొవ్వే ముదిరాక క్రిమితో పోరాడే టీ కణాలను నొక్కేస్తుందని నా వాదన.

నీలిమ: అలాగైతే ట్రయల్‌ను దశను బట్టే కట్టాలి. మొదటి రెండు నెలల ఇంటెన్సివ్ దశలో కొందరికి, ఆ తర్వాత మరికొందరికి ఇచ్చి, ఈ2 స్థాయిలు కొలుస్తూ, గుహలు పూడుతున్నాయో లేదో సీటీలో చూడాలి. కఫం నెగెటివ్ అయిందా లేదా అన్న ఒక్క కొలత చాలదు.

సుధాకర్: అప్పటిదాకా కీళ్లనొప్పికి మాత్ర అడిగితే ఏం చెప్పను?

వంశీ: పైరజినమైడ్ సొంతంగా ఆపొద్దని ముందు చెప్పండి, టీబీ క్లినిక్‌కు పంపండి. కఫంలో రక్తం పడేవాళ్లకు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు ఆస్పిరిన్ అసలు ఇవ్వకండి.